సగం అట్ట

జాలరిపేటలో తాతబాబు పట్టిన చేప, అతను చెప్పిన ప్రతిసారీ జానెడు పెరిగేది. అంత మాటకారి ఒళ్లునొప్పులకు మాత్రలు మింగిన వారానికే నోరు పుండై, తోలు ఊడి, పెద్దాసుపత్రిలో మాట లేకుండానే చనిపోయాడు. పేటంతా అమ్మవారు పోసిందనుకుంది.

అతను పోయిన పదకొండో రోజున పెద్దాసుపత్రి నుంచి చంద్రిక వచ్చింది. మందుల వల్ల జరిగిన కీడును కాగితం మీద రాసి పైకి పంపడం ఆమె పని.

"మాత్రల వల్లేనని డాక్టరుగారి అనుమానం. ఏ మందో తెలిస్తే మిగతావాళ్లని ఆపొచ్చు. ఆ మాత్రల అట్ట ఉందా అమ్మా?"

తాతబాబు భార్య అప్పాయమ్మ సముద్రం వైపు చూసింది. మొగుడి సామాన్లతో పాటు దాన్నీ సముద్రంలో కలిపేసింది.

"నా సేతుల్తోనే గంగమ్మకిచ్చీసినాను తల్లీ!"

అంతలో గుర్తొచ్చింది. పడవలో చుట్టకైనా మాత్రకైనా వాటాలే. ఆ అట్టలో సగం కత్తిరించి తాతబాబు తమ్ముడికిచ్చాడు. అప్పాయమ్మ, చంద్రిక ఒడ్డుకు పరుగెత్తారు. అక్కడ ఆ తమ్ముడు దొరబాబు వల బాగుచేస్తున్నాడు.

"ఒరే, మీ అన్న ఇచ్చిన మాత్రలేవిరా?"

"ఏటొదినా, ఆడి వాటా సాల్లేదా, నాది కూడా కావాలేటి?" అంటూ మొలలోంచి అట్ట తీశాడు.

కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు చెక్కుచెదరలేదు. చంద్రిక ముఖం వెలిగింది. అప్పాయమ్మ మాత్రం అట్టలో ఖాళీ గుంటలు చూసింది.

"ఎన్ని మింగినావురా?"

"మొన్నట్నుంచి నాలుగు. ఏటయిందొదినా?"

అతని పెదవి చివర చిన్న పొక్కు లేచి ఉంది.

చంద్రిక కాగితం మడిచేసింది. "ముందు ఆటో పిలవండి" అంది.