సైకిలమ్మను వెనక్కి దించిన రోజు

పెళ్లయిన కొత్తలో, లోకంలోని కష్టాలన్నీ తీర్చే యంత్రం మా ట్రాలీ ఆటో ఒక్కటేనని నా గట్టి నమ్మకం. మా ఆయన నడిపేవాడు, నేను వెనక టమాటా డబ్బాల మధ్య మహారాణిలా కూర్చునేదాన్ని. జోగిపేటలో కొన్న సరుకును పటాన్‌చెరు మార్కెట్‌లో అమ్మేవాళ్లం. దారిలో ఎవరు నడుస్తూ కనిపించినా ఎక్కించుకోవలసిందే. (వద్దన్నవాళ్లను కూడా.) ఒక ఎండాకాలం, సంగారెడ్డి దాటాక, మా అత్త ఈడు తెల్లావిడ ఒకామె సైకిల్ పక్కన పడేసి తల పట్టుకుని కూర్చుంది. ముఖం మా టమాటాలకంటే ఎర్రగా ఉంది. "అయ్యో, బస్సు కిరాయికి గూడ పైసల్లేవేమో పాపం! ఆపు జెర!" అన్నాను. మజ్జిగ తాగించాం. కళ్లు మూతలు పడుతున్న ఆమెను చెరో రెక్క పట్టి ట్రాలీలో పడుకోబెట్టి, సైకిల్ కూడా వేసుకున్నాం.

పటాన్‌చెరులో కళ్లు తెరిచి చుట్టూ చూసింది. "నహీ! వాపస్! వాపస్!" అని ఏడుపు అందుకుంది. పెళ్లికి ముందు కంపెనీలో బీహారీల పక్కన పనిచేస్తూ నేర్చిన నా హిందీ, ఆమె వచ్చీరాని హిందీ కలిస్తే సంగతి తెలిసింది. రాజుల కాలంలో ఎవరో యాత్రికుడు వజ్రాలు చూడడానికి సూరత్ రేవు నుంచి గోల్కొండకు ఇటుగానే వచ్చాడట. ఆ దారంతా సైకిల్ మీదే తిరగాలని ఈమె పట్టుదల. సముద్రం దగ్గర నుంచి ఒక్క బండీ ఎక్కలేదు. తీరా గోల్కొండ దగ్గరికొచ్చాక నేను ఎక్కించాను.

"ఎవలు జూసిండ్రమ్మా? చెప్పకు, గంతే!" అని నచ్చజెప్పాను. "నాకు తెలుసు కదా" అంది.

మా ఆయన బండి తిప్పాడు. "టమాటాలు మెత్తవడ్తయి గదయ్యా!" అన్నాను. "వడనియ్యే! సముద్రం కాడికెల్లి తొక్కుకుంటొచ్చింది. మనం తెంపిన దారి మనమే అతకాలె." అయితే ఎక్కడ ఎక్కించాం? తుమ్మచెట్టు దగ్గర అని నేను, లారీల కాంటా దగ్గర అని ఆయన. "టమాటాలల్ల గూసున్నదానివి, నీకేం దెల్సే?" మా కొట్లాట చూసి ఆమె మొదటిసారి నవ్వింది. రెండింటికంటే వెనకే దింపమంది.

ఆమె తొక్కుతుంటే, లారీలు మీదికి రాకుండా వెనకే మెల్లగా వెళ్లాం. రోజూ తిరిగే రోడ్డే. కానీ అది ఎక్కడ ఎత్తెక్కుతుందో, ఎక్కడ గాలి మారి మందుల కంపెనీల వాసన మొదలవుతుందో, ఆ బండల గుట్ట ఎంత పాతదో అప్పుడే చూశాను. ఆ యాత్రికుడూ ఈ గుట్టనే చూసి ఉంటాడు కదా అనిపించి నోరు తెరుచుకుని కూర్చున్నాను. పటాన్‌చెరు వచ్చినా ఆమె ఆగలేదు. ఒక్కసారి చెయ్యెత్తి, అలాగే సాగిపోయింది.

"ఓసారి మనం గూడ సైకిల్ మీద గోల్కొండ పోదామే" అన్నాడు మా ఆయన. పోలేదు. ఆయనే పోయాడు.

ఇప్పుడు బస్సెక్కితే కిటికీ సీటు కోసం పిల్లలతో పోట్లాడతాను. "గీ రోడ్ల ఏమున్నదే అవ్వా, గంతగనం సూస్తవ్?" అంటుంది కండక్టరమ్మ. "నీకేం దెల్సు బిడ్డా, సూడాలె" అంటాను గొప్పగా. అన్నంతసేపే. కంది ఊరు దాటకముందే కునుకు పట్టేస్తుంది. కళ్లు తెరిచేసరికి పటాన్‌చెరు.