తేనెటీగలు బస్సులోకి వచ్చిన రోజు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య తిరిగే బస్సులో నేను కండక్టర్‌ని. మొదటి ఐదేళ్లు ఆ రూట్లో నా మొహం కంటే నా నోరే ఎక్కువ మందికి గుర్తు. సీటు కోసం ఎవరైనా తగువు పడితే వాళ్లిద్దరి కంటే గట్టిగా నేను అరిచేదాన్ని. అరవకపోతే ఆడ కండక్టర్‌ని లెక్కచేయరని నా నమ్మకం.

ఒక ఎండాకాలం పెనుకొండలో ఒక అవ్వ పొరపాటున మా బస్సెక్కింది. ఆమె పోవలసింది మడకశిరకు. ఊరు దాటాక ఆ సంగతి తెలిసింది.

"సదువు రాదు తల్లీ. అడిగితే ఇదే అన్యారు," అందామె.

బస్సంతా వినేలా ఆమెను తిట్టి, రోడ్డు మీదే దించేశాను. ఆమె సంచి చంకన పెట్టుకుని, నీడ లేని ఆ రోడ్డు వెంట వెనక్కి నడవడం కిటికీలోంచి చూశాను. విజిల్ వేయడం కూడా మరిచిపోయాను.

ధర్మవరం బస్టాండులో మా డ్రైవరన్న నన్ను పిలిచాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. బీపీ వచ్చాక హిందూపురంలో ధ్యానం నేర్చుకున్నాడు. బస్సు ఆగిన అరగంటా వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చునేవాడు. మేమంతా ఆయన నిద్రపోతున్నాడని నవ్వుకునేవాళ్లం.

"ఏమ్మా, నీకు కోపం వచ్చేది ఎప్పుడన్నా చూసినావా?" అన్నాడు.

"కోపాన్ని యాడ చూస్తానన్నా?"

"గుండెకాడ లేస్తాదా, గొంతుకాడ లేస్తాదా, చూడు. అది లేసేది నీకు తెలిస్తే, నీకంటే ముందు అది మాట్లాడదు."

మరుసటి రోజు ఆయన పక్క సీట్లో కూర్చున్నాను. ముక్కులోకి పోయే గాలిని, బయటికి వచ్చే గాలిని గమనించమన్నాడు, అంతే. రెండు శ్వాసలు కాకముందే ఆడబిడ్డతో పడిన మాటలు గుర్తొచ్చాయి. తర్వాత చెమట, దురద, బస్టాండు మైకు. "నా వల్ల కాదన్నా," అంటే, "మనసు పోయింది కదా, తెలిసింది కదా? తెలిసినాక మళ్లీ రా. అదే పని," అన్నాడు.

ఎన్ని నెలలు అలా పోయి వచ్చానో చెప్పలేను. ఒకరోజు ఒకాయన నన్ను నానా మాటలు అంటుంటే, నా మెడ వెనక వేడి పైకి పాకడం తెలిసింది. అది తెలిసిన కాసేపట్లోనే సగం దిగిపోయింది. "టికెట్ తీసుకోండి సార్," అన్నాను, మామూలుగా. డ్రైవరన్న అద్దంలోంచి చూసి తల ఊపాడు.

రెండేళ్ల తర్వాత సంగతి ఇది. పెనుకొండ దాటి కొండ వారగా పోతున్నాం. ఏ బండరాయి నుంచి లేచాయో, ఒక్కసారిగా తేనెటీగలు కిటికీల్లోంచి లోపలికి వచ్చాయి. బస్సు నిండా జనం. కేకలు, ఏడుపులు. కొందరు టవళ్లు విసురుతున్నారు. విసిరేకొద్దీ అవి ఇంకా రేగుతున్నాయి.

"కిటికీలు ముయ్యమనమ్మా! నేను ఆపను, ఈగల గుంపు దాటేదాకా పోనిస్తా!" అని డ్రైవరన్న అరిచాడు.

అరుపు నా గొంతులోకి కూడా ఎక్కుతోంది. అది నాకు స్పష్టంగా తెలిసింది. ఒక్క శ్వాస లోపలికి పోయింది, బయటికి వచ్చింది. అప్పుడు నోరు తెరిచాను.

"కిటికీలు మూయండి. ఎవరూ లేయొద్దు, ఈగల్ని కొట్టొద్దు. కొంగులు, టవళ్లు మొగానికి కప్పుకోండి. బిడ్డల్ని ఒళ్లోకి వంచుకోండి."

ఒక పెద్దవయసు రైతు మాత్రం అందర్నీ తోసుకుంటూ తలుపు దగ్గరకు వచ్చాడు. "బండి ఆపు! దూకేస్తా!" అంటున్నాడు. ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"కూచో మామా. నేను ఈడనే ఉండా. నీ పక్కనే ఉంటా."

ఆయన మెట్టు మీద కూర్చుండిపోయాడు. అదే సమయానికి నా మెడ మీద ఒకటి కుట్టింది. చేయి పైకి లేచింది. లేస్తున్న చేయిని చూసి, మెల్లగా దించాను. రెండోది కంటి రెప్ప మీద కుట్టింది. నొప్పి ఉంది, నేను ఉన్నాను, బస్సు పోతోంది. అంతే అనుకున్నాను.

రెండు కిలోమీటర్లు దాటాక ఖాళీ చేను పక్కన బస్సు ఆగింది. ముందు బిడ్డల తల్లులను, తర్వాత వరుస వరుసగా అందరినీ దించాం. ఆఖరున నేను దిగాను. ఈగలు కుట్టినవాళ్లను ఆటోల్లో పెనుకొండ ఆసుపత్రికి పంపాం. సాయంత్రానికి అందరూ ఇళ్లకు చేరారు. తొక్కిసలాట జరగలేదు, పడి ఒక్కరికి కూడా దెబ్బ తగల్లేదు.

ఆసుపత్రి వరండాలో ఆ రైతు, మూసుకుపోయిన నా కంటిని చూసి, "నీ గొంతు ఇని కూచున్యానమ్మా. అది వణికింటే నేను దూకేసేవాణ్ని," అన్నాడు.

డిపోలో శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు. సంతోషించాను, కాదనను. కానీ నన్ను ఇప్పటికీ తలెత్తుకునేలా చేసేది ఆ రైతు మాటే. ఐదేళ్లు అందరినీ భయపెట్టిన గొంతు అది. ఆ రోజు ఒక పెద్దమనిషి భయాన్ని పట్టి ఆపింది. ఆ గొంతును నేనే మార్చుకున్నాను, రోజుకు అరగంట చొప్పున, వెనక సీట్లో కళ్లు మూసుకుని.

డ్రైవరన్న రిటైరయ్యాడు. ఇప్పుడు ధర్మవరంలో బస్సు ఆగినప్పుడు కొత్తగా చేరిన ఇద్దరు కండక్టరమ్మాయిలు నా పక్కన వచ్చి కూర్చుంటారు. నిద్రపోతున్నామని టీ కొట్టు దగ్గర ఎవరో నవ్వుతుంటారు. నవ్వనీ అని ఆ అమ్మాయిలకు చెబుతాను.