మేం చూడకుండా చెప్పాం

మా వదిన మొండిది. ఆడపడుచుని కాబట్టి ఇలా అంటున్నానని కొట్టిపారేయకండి. మా అన్నయ్యనడిగినా ఇదే చెబుతాడు, కాకపోతే కాస్త గొంతు తగ్గించి చెబుతాడు. కూరలో ఉప్పెక్కువైందంటే ఆమె ఇట్టే ఒప్పుకుంటుంది. చెయ్యని తప్పు నెత్తిన వేస్తే మాత్రం ఎవరు దిగొచ్చినా వినదు.

ఆమె డే కేర్‌లో ఆయా. ఉద్యోగాలకెళ్లే తల్లులు పొద్దున్నే పిల్లల్ని వదిలి వెళితే, సాయంత్రం దాకా వాళ్లకి తల్లీ తండ్రీ ఆమే. ముక్కులు తుడవాలి, తారుమారైన చెప్పులు సరిచేయాలి, పడుకోనని మొరాయించేవాణ్ని జోకొట్టాలి. పిల్లలు ‘ఆయమ్మా’ అంటూ ఆమె వెంటే తిరుగుతారు. ఇంట్లో మా మీద చూపించే గదమాయింపంతా అక్కడ ఎటు పోతుందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఒకరోజు మధ్యాహ్నం డే కేర్ ఉన్న భవనం కింది భాగంలో కరెంటు మీటర్లు అంటుకుని మెట్ల మీదికి పొగ కమ్ముకొచ్చింది. యజమానురాలు ఊళ్లో పని మీద వెళ్లింది. వదిన పిల్లలందరినీ నిద్ర లేపి, ఒకరి చెయ్యి ఒకరికి పట్టించి, వెనక మెట్ల నుంచి దింపి పక్కనున్న వడ్రంగి షెడ్డులోకి చేర్చింది. అగ్నిమాపక సిబ్బంది వచ్చి పిల్లల్ని తీసుకున్నాక గానీ ఆమె కళ్లు తిరిగి పడిపోలేదు. వడ్రంగి ఆమెను ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు.

ఇదంతా వెనక వైపు జరిగింది. టీవీ విలేకరి ముందు వైపు నిలబడ్డాడు. అక్కడ అతనికి కనిపించింది పొగ, గుంపు, ఏడుస్తున్న తల్లులు. పిల్లల్ని ఎత్తుకొచ్చింది అగ్నిమాపక సిబ్బంది. ఆయా ఏదీ అని అడిగితే, గుంపులో ఎవరో మహానుభావుడు భయపడి పారిపోయి ఉంటుందన్నాడు. ఇంకో ఛానల్ ముందు చెప్పేస్తుందన్న తొందరలో విలేకరి ఆ అనుమానాన్నే వార్త చేసేశాడు. మా వదిన ఆస్పత్రి మంచం మీద కళ్లు తెరిచేసరికి, ఎదురుగా గోడ మీది టీవీలో ఆమె ఫొటో, దాని కింద ఎర్రక్షరాలు: ‘పసిపిల్లల్ని వదిలేసి ఆయా పరార్’.

వడ్రంగి ఛానల్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. అలాగే అన్నారు, అంతే. యజమానురాలు మా ఇంటికొచ్చి కూర్చుని తల దించుకుంది.

“నువ్వు పారిపోలేదని నాకు తెలుసమ్మా. తల్లులే నమ్మడం లేదు. నేను చెబితే, నా వ్యాపారం కోసం చెబుతున్నాననుకుంటున్నారు. కొన్నాళ్లు రాకు.”

ఆ మాట కూడా వదిన దిగమింగింది. తర్వాత రెండ్రోజులకి మేమిద్దరం కూరగాయలు కొంటుంటే, ఆమె చంకలో పెరిగిన బుడ్డోడొకడు తల్లితో ఎదురయ్యాడు. ఆ రోజు మెట్లు దిగేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని నడిచింది వాడే.

“ఆయమ్మా, నువ్వెందుకు పారిపోయావు?” అన్నాడు.

తల్లి వాణ్ని విసురుగా లాక్కుని వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. వదిన మాత్రం సంచీ నా చేతిలో పెట్టింది.

“వాడు కళ్లారా చూసిందాన్ని కూడా టీవీ చెరిపేసింది. నేను ఊరుకోను” అంది.

మర్నాటి నుంచి అన్నం డబ్బా పట్టుకుని ఛానల్ ఆఫీసుకి బయల్దేరింది. ఆమెను ఒంటరిగా పంపలేక నేనూ వెంట వెళ్లాను. సార్ మీటింగ్‌లో ఉన్నారని రిసెప్షన్ అమ్మాయి చెప్పేది. పర్లేదు, అయ్యేదాకా కూర్చుంటానని వదిన చెప్పేది. లోకంలో ఇంత పొడుగు మీటింగులుంటాయని నాకు అప్పుడే తెలిసింది. వార్తలు చదివే అమ్మాయి రోజూ మా ముందు నుంచే లోపలికి వెళ్లేది. మొదట్లో నవ్వేది. వదిన ఎవరో తెలిశాక నవ్వడం మానేసింది.

చివరికి ఎడిటర్ పిలిచి కుర్చీలు వేయించాడు.

“అమ్మా, మీ గురించి ప్రత్యేక కార్యక్రమం చేస్తాం. మంటల్లోకి దూకి పిల్లల్ని కాపాడిన వీరనారి అని. మంటలవీ మావాళ్లు కంప్యూటర్‌లో పెట్టేస్తారు. ఊరంతా మీకు దండం పెడుతుంది.”

“మేం దిగిన దారిలో మంటలెక్కడివి సార్? ఉన్నది పొగ. నేను దూకలేదు, నడిచాను. పిల్లలూ నడిచారు.”

ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య బతిమాలాడు. “ఒప్పేసుకోవచ్చు కదా. పనీ వస్తుంది, పరువూ వస్తుంది.”

“ఒక అబద్ధం పోగొట్టుకోడానికి ఇంకో అబద్ధం మెడలో వేసుకోమంటారా? ఈసారి ఆ పిల్లాడు మంటలు చూశానంటాడు. అప్పుడేం చెప్పమంటారు?”

అన్నయ్య పళ్లెం వైపు చూస్తూ అన్నం కలుపుకున్నాడు.

మర్నాడు ఎడిటర్ ముందు వదిన మూడు వాక్యాలు చెప్పింది. ‘ఆయా పారిపోలేదు. పిల్లలతోనే ఉంది. మేం చూడకుండా చెప్పాం.’ సాయంత్రం వార్తల్లో, అప్పుడు చదివిన అమ్మాయే చదవాలంది. మొదటి రెండింటికీ అతను తలూపాడు. మూడోది విని మొహం మాడ్చుకున్నాడు.

“అది కుదరదమ్మా. ఛానల్ పరువు పోతుంది.”

“అయితే రేపొస్తాను సార్” అని వదిన లేచింది.

గుమ్మంలో ఆ వార్తల అమ్మాయి నిలబడి ఉంది. మా మాటలన్నీ విన్నట్టే ఉంది.

“నేను చదువుతాను సార్. పరార్ అని చదివిందీ నేనే కదా” అంది. ఎడిటర్ ఆమె వంక, మా వదిన వంక మార్చి మార్చి చూసి, చదువుకో అన్నట్టు విసుగ్గా చెయ్యి ఊపాడు.

ఆ సాయంత్రం వార్తల్లో ఆమె మూడు వాక్యాలూ చదివింది. మూడోది చదివేటప్పుడు కాగితం వైపు కాకుండా సూటిగా మా వైపే చూసినట్టనిపించింది. వదిన టీవీ కట్టేసి, పొద్దున్నే లేవాలంటూ పడుకుంది.

యజమానురాలు మళ్లీ రమ్మనడంతో మర్నాడు వదిన వెంట నేనూ డే కేర్‌కి వెళ్లాను. ఆ ఉదయం సగం మంది తల్లులే వచ్చారు. ఆ బుడ్డోడి తల్లి కూడా వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“టీవీలో అంత గట్టిగా చెబితే నిజమే అనుకున్నానమ్మా.”

“పక్క వీధిలోనే ఉంటాను కదా. ఒక్కసారి నన్నడిగితే సరిపోయేది” అంది వదిన. ఆ తల్లి పిల్లాడి సంచీ వదిన చేతికిచ్చింది. నాకు జాలేం కలగలేదు.

పిల్లాడు తల్లి వెనక నుంచి తొంగి చూశాడు. “ఆయమ్మా, నువ్వు పారిపోలేదా?”

వదిన వాడి ముందు గొంతుక్కూర్చుంది. “నువ్వే చెప్పు నాన్నా. పొగ వచ్చినప్పుడు నీ చెయ్యి పట్టుకున్నదెవరు?”

వాడు తన చేతి వంక చూసుకున్నాడు.

“నువ్వే” అన్నాడు.

అన్ని రోజులూ కంట తడి పెట్టని మా వదిన, అందరూ చూస్తుండగా, ఆ గుమ్మంలోనే బావురుమంది.