గంధం కింది డాలు

నిర్మల్ కోటగోడ బయట పాత సమాధులు కొన్ని ఉండేవి. వాటిలో ఒకదాని తలవైపు రాతిమీద డాలు ఆకారం చెక్కి ఉంది. డాలు మధ్యలో చేప, దాని కింద బురుజు లాంటిదేదో. పేరు లేదు, ఊరు లేదు. ఆ గుర్తు ఏ కుటుంబానిదో తేల్చమని నన్ను అడిగినవాడు ఊళ్ళో సైకిళ్ళు కిరాయికిచ్చే నా మిత్రుడు. ఆ సమాధిలో ఉన్నది తమ మూలపురుషుడని వాళ్ళ ఇంట్లో తరతరాల నమ్మకం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను అక్కడి బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. సాయంత్రాలు చర్చాసభల్లో మూఢనమ్మకాల మీద విరుచుకుపడేవాణ్ణి. వ్రతాలు, ఉర్సులు, తాయెత్తులు, ముహూర్తాలు, దేన్నీ వదలలేదు. చచ్చినవాడికి మిఠాయి పెట్టి బతికున్నవాణ్ణి పస్తుంచే సంఘానికి సిగ్గు లేదని ఒక వ్యాసంలో రాశాను. అది చదివి కూడా అతను నా దగ్గరికే వచ్చాడు.

"సారూ, మా అమ్మీ సరిగ తింటలేదు, పండుకుంటలేదు. మీరు జర గా రాయి సంగతి చూడాలె."

పోయినవాళ్ళను తలుచుకునే షబే బరాత్ పండుగ వస్తే ఆ ఇంటివాళ్ళు సమాధి దగ్గర హల్వా పెట్టి, పోయినవాడి కోసం ఫాతెహా ప్రార్థన చదివించేవారు. ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు రాతిమీది చేపకు గంధం పూయాలి. అత్త దగ్గరుండి, చెయ్యి పట్టుకొని పూయించాలి. ఆ ఏడు మసీదుకు కొత్త మౌల్వీ వచ్చాడు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన యువకుడు. రాయి చూసి, ఇలాంటి డాళ్ళు ఫిరంగీలు, అంటే తెల్లదొరల కుటుంబాలు పెట్టుకునే గుర్తులనీ, లోపల ఉన్నది ఇసాయీ, అంటే క్రైస్తవుడు అయితే ఫాతెహా తగదనీ, సంగతి తేలేదాకా ఆపమనీ చెప్పాడు. కోట పనికి ఒకప్పుడు ఫిరంగీలు వచ్చారన్నది ఊరందరికీ తెలిసిన మాటే. పండుగ ముంచుకొస్తోంది.

నేను వెళ్ళేసరికి మిత్రుడి తల్లి, ఆ ఇంటి ముసలమ్మ, నులకమంచం మీద కూర్చుని ఉంది.

"బిడ్డా, నేను పెండ్లయి వచ్చిననాడు మా అత్త నా చెయ్యి వట్టి గా షాప మీద పెట్టింది. 'గీయన మనింటి పెద్ద, ఆకలి మీద ఉంచకు' అన్నది. ఇప్పుడు పెడితె గునా, పాపం అంటుండ్రు. పెట్టకుంటె రేపు పైన మా అత్తకు ఏం జవాబు చెప్పాలె?"

"పోయినవాళ్ళకు ఆకలి ఉండదమ్మా."

"ఉండదని నీకెట్ల ఎరుక? పోయి చూసి వచ్చినవా?"

కొడుకు మొహం తిప్పుకొని నవ్వాడు. నాకు పౌరుషం వచ్చింది. సరే, తేల్చి చూపిద్దాం అనుకున్నాను. నిజం బయటపడితే మౌల్వీకీ ముసలమ్మకూ ఒకేసారి బుద్ధి వస్తుందని నా ధీమా.

రాతిమీద పలచని కాగితం పరిచి బొగ్గుతో రుద్ది అచ్చు తీశాను. పని మీద కరీంనగర్ వెళ్ళినప్పుడు వెంట తీసుకుపోయాను. ఉర్దూ కచేరీలో పనిచేసి దిగిపోయిన మున్షీ ఒకాయన దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చూశాడు. చేప అంటే పాదుషాలు అమీర్లకిచ్చే గౌరవమనీ, ఇతను ముసల్మాను ప్రభువేననీ, సందేహం లేదనీ అన్నాడు. అక్కడి ఒక పాద్రి అదే కాగితం చూసి, డాలు తమ దేశాల వంశాల గుర్తనీ, ఇతను క్రైస్తవుడేననీ, సందేహం లేదనీ అన్నాడు. ఇద్దరికీ సందేహం లేకపోవడంతో నాకు రెట్టింపయింది. నైజాం కొలువులో చేరిన ఫిరంగీకి చేప బిరుదు దక్కి ఉండకూడదా? నిఖా కోసం మతం మారి ఉండకూడదా? అడిగితే పాద్రి ఇంకో మెలిక పెట్టాడు. ఇక్కడికొచ్చి నాలుగు డబ్బులు వెనకేసుకున్న సిపాయిలు లేని వంశానికి సొంతంగా డాలు కల్పించుకోవడమూ ఉందట. ఏమైనా అచ్చు మసకగా ఉంది, రాతిమీది పూత తీసి మళ్ళీ తెమ్మన్నాడు.

పూత అంటే గంధమే. ముసలమ్మను అడగకుండా ముట్టుకోవడానికి మనసొప్పలేదు.

"గంధం తీస్తె మా అత్త చెయ్యి పోతది గద బిడ్డా," అంది. తర్వాత తనే తేల్చింది. "కానియ్. తెలువకుండ ఎన్నొద్దులని ఉంటం?"

మర్నాడు పొద్దున ఆమె గొడుగు వేసుకొని సమాధి పక్కన కూర్చుంది. కొడుకు నీళ్ళు పోశాడు. నేను కొబ్బరిపీచుతో రుద్ది, వెదురుపేడుతో మెల్లగా గీకాను. గంధం పాత సున్నంలా పొరలు పొరలుగా లేచింది. ఒకచోట పెచ్చు పెద్దదే ఊడింది. దానితో పాటు చేప కూడా ఊడి నా అరచేతిలోకి వచ్చింది.

డాలు మధ్య నున్నటి రాయి తప్ప ఏమీ లేదు. కింద బురుజు అనుకున్నది రెండు అడ్డగీతలు.

"సారూ, షాప ఏది?"

"గంధంలోనే ఉంది."

రాతిమీద నిజంగా చేప ఉండి, కోడళ్ళ వేళ్ళకు అరిగిపోయిందా? లేక ఎవరో ఒక అత్త తడిగంధంతో చేపను దిద్దితే, వెనకవాళ్ళు దానిమీదే పూసుకుంటూ వచ్చారా? రెండూ జరగగలవు. నేను వంగి, పక్కనుంచి, ఎండకు అడ్డం నిలబడి, అన్ని విధాలా చూశాను. గుర్తు లేని ఉత్త డాలును ఏ మతంవాడైనా చెక్కించుకోవచ్చు. మున్షీగారి అమీరూ పాద్రిగారి దొరా ఇద్దరూ పీచుతో పాటే పోయారు. ముసలమ్మ మాత్రం కిందపడ్డ పెచ్చులన్నీ ఏరి కొంగున కట్టుకుంది.

మౌల్వీ దగ్గరికి వాదనకు సిద్ధపడే వెళ్ళాను.

"ఏం తేలింది సార్?"

"ఏమీ తేలలేదు. ఫిరంగీ అనడానికి రుజువు లేదు. ముసల్మాను అనడానికీ లేదు."

అతను గడ్డం సవరించుకుంటూ ఆలోచించాడు. "తేలకుంటె మంచిదే. ఎరుకలేని మనిషిని పరాయోడు అనే హక్కు నాకెక్కడిది? ఇంటోళ్ళు మావోడంటుండ్రు. అనుమానం ఉన్నకాడ మంచిగనే అనుకోవాలె. చదివించుమనుండ్రి."

"మరి రేపు రుజువు దొరికితే?"

"ఇంకా గీకుతరా సార్?"

సందేహం అనే గడ్డపారతో నమ్మకాల గోడలు పడగొట్టాలని సభల్లో అరిచినవాణ్ణి. ఇక్కడ నా సందేహమే గోడకు ఆసరా అయింది. ఏ రుజువు దొరికినా ఈ ఫాతెహా ఆగిపోయేదో, నిలిచేదో ఖాయంగా తెలిసేది. దొరకనందుకు నిలిచింది. ఇందులో నేను ఎవరిని ఓడించానో, ఎవరికి ఓడానో ఎంత ఆలోచించినా తెగలేదు.

షబే బరాత్ నాటి సాయంత్రం మిత్రుడు రమ్మంటే వెళ్ళాను. సమాధి ముందు మౌల్వీ చదవడం మొదలుపెట్టాడు. ముసలమ్మ నా చొక్కా లాగి మెల్లగా అడిగింది.

"బిడ్డా, నిజంగనే తేలలేదా? నా బాధ చూసి తేలలేదన్నవా?"

"నిజంగానే తేలలేదమ్మా."

నమ్మలేదు. అందరికంటే నాకు కాస్త ఎక్కువ హల్వా పెట్టింది.