తొమ్మిదికి బదులు నాలుగు

శ్రావణ శుక్రవారం, ఉదయం తొమ్మిదిన్నర. ఉన్నవారు: నా భార్య ఈశ్వరమ్మ, సంగారెడ్డి నుంచి వచ్చే ఫిజియోథెరపిస్టు సరిత, నేను.

ఆ రోజు డైరీలో ఇంతే ఉంది. రాయనిదాన్ని ఆరేళ్లుగా మోస్తున్నాను. మీకు చెబుతాను.

ఈశ్వరమ్మకు క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. మంచం దిగనివ్వని నొప్పి. సరిత ముందు పక్కకు తిరగడం నేర్పింది. మోకాళ్ల మధ్య దిండు, ఊపిరి వదులుతూ ఒకే కదలిక. రెండు వారాల్లో వాకర్ పట్టించి నిలబెట్టింది. నా చేతికి నోటుపుస్తకం ఇచ్చింది.

"సార్, నొప్పి సున్నా నుంచి పది దాక, అమ్మ ఎంతంటే గంతే రాయుండ్రి. అంకె పెరిగితే నడక తగ్గిస్త, డాక్టర్‌కు చెప్పి మందు మార్పిస్త."

రాయడం నాకు కొత్తా? పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు బాయిలర్ లాగ్‌బుక్ రాసినవాణ్ణి. ఆవిరి పీడనం చూపే ముల్లు ఎర్రగీత దాటితే కాసేపు ఆగి, దిగాక రాసేవాళ్లం. నా పేజీలు ఎప్పుడూ శుభ్రం. అదే నా గొప్ప.

ఇంట్లోనూ అలాగే ఆగాను. ఆమె ఎనిమిది అంటే, మాత్ర పనిచేసి అయిదు అనే దాకా. కొన్నాళ్లకు దిగని రోజులు వచ్చాయి. అప్పుడూ దిగినట్టే రాశాను.

ఆ శుక్రవారం సరిత పుస్తకంలో నాలుగు చూసి మురిసింది. "అమ్మా, ఇయ్యాల గేటు దాక పోదమా?"

ఈశ్వరమ్మ నడిచింది. పెదవి పళ్ల కింద పట్టి, పదమూడు అడుగులు. నా ఛాతీ పొంగింది. ఇప్పటికీ పొంగుతుంది, ఎందుకు దాచాలి? అంత నొప్పితో నడిచిన మనిషి నా భార్య.

సరిత వెళ్లాక ఈశ్వరమ్మ అడిగింది. "ఏమయ్యా, నువ్వు రాసిన నాలుగు ఎవరి నొప్పి? నాది తొమ్మిది. నేనేమన్న బాయిలర్‌నా?"

"రేపు సక్కగ రాస్త."

"రాస్తవ్‌లే. నీ పేజీ ఖరాబైతది గద!" నవ్వింది.

అంకె పెరిగితే నడక ఆగిపోతుందని భయపడ్డానని నాకు నేను చెప్పుకుంటాను. భయమేనా? వరుసగా దిగుతున్న ఆ అంకెల మీద మోజు కాదా? రెండూ అయి ఉండవచ్చు. ఇక్కడైనా రాస్తున్నాను: తొమ్మిది. చేయి కాస్త తేలికైంది.

ఆ శుక్రవారం మరునాడు ఉదయం సరిత పుస్తకం తెరిచింది. "ఎంత, సార్?"

"నాలుగు."

సరిత ఈశ్వరమ్మ వైపు తిరిగింది. ఈశ్వరమ్మ నన్ను చూసింది.

"మీ సారు రాసిందే, బిడ్డా" అని వాకర్ అందుకుంది.

మళ్లీ గేటు దాకా నడిచింది. మందు మారలేదు.