ఏరుడుకో గడి

నాకు అంకెలు వచ్చు, అక్షరాలు అంతగా రావు. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. మా ఆయన పోయాక పత్తికొండ మార్కెట్లో టమోటాలు ఏరి దీన్ని చదివించాను. ఆ మాట వద్దంటోంది, రాయమన్నాను.

దీని పని బ్లాక్‌చైన్ మీద, అదొక కంప్యూటర్ లెక్కల పుస్తకం. అందులో ఒకసారి ఎక్కింది ఎవరూ చెరపలేరట. ఏ రైతు గంపలు ఏ లారీ ఎక్కాయో అందులో ఎక్కించేలా మా మార్కెట్‌కు ఒక ప్రోగ్రాం రాసింది. సొంతంగా పట్టిన మొదటి పని. ఈ పొద్దు మధ్యాహ్నం చూడటానికి వస్తామని మార్కెట్ పెద్దలు చెప్పారు. సరిగ్గా నడవకపోతే పని వేరేవాళ్లకు పోతుంది. తీరా పొద్దున చూస్తే ఒక రైతు సరుకు మాత్రం ఎక్కడం లేదు. ఎన్నిసార్లు పంపినా ఒక గంప తక్కువని ఎర్రగుర్తుతో తిరిగొస్తోంది.

"నా ప్రోగ్రామే ఒక గంప మింగుతాండాది మా," అంది ఏడుపు గొంతుతో.

"యాడ మింగిందో చూడు అమ్మీ. ఏడిస్తే కక్కుతాదా?"

అప్పుడు డీబగ్గర్ తెరిచింది. తప్పు వెతికే పనిముట్టు అది. కంప్యూటర్లో కొత్తగా ఏమీ ఎక్కించనక్కర్లేదు, బ్రౌజర్లోనే తెరుచుకుంటుంది. తిరిగొచ్చినదాని పొడవాటి నంబరు అందులో పెడితే ఉత్త అంకెలే వచ్చాయి. తను రాసిన ప్రోగ్రాం కూడా దానికివ్వాలని అప్పుడు గుర్తొచ్చింది. ఇచ్చాక వరుసలన్నీ కనబడ్డాయి. బాణం నొక్కితే జరిగిందంతా ఒక్కో అడుగు మళ్లీ జరుగుతుంది, ఇంకో బాణం నొక్కితే వెనక్కి పోతుంది.

నన్నే నొక్కమంది. వేలం దగ్గర పన్నెండు గంపలు. లారీ దగ్గర పదకొండు. వెనక్కి పోయి మళ్లీ వచ్చాను. అప్పుడూ అంతే.

"మింగలేదు మా! పదకొండనే వచ్చినాది. రెండూ ఒకటి కాకుంటే ఎక్కించొద్దని నేనే రాసినా. మార్కెట్టోళ్లు తప్పు చెప్పినారు."

"తప్పేంది? వేలం అయినాక మేం ఏరమా? గట్టికాయైతే సరిపోతాది. మెత్తకాయైతే పగిలినవి తీసి సర్దేసరికి ఒక గంప తగ్గుతాది."

"నీ పనే మర్చిపోయినా మా," అని, ఎన్ని గంపలు తగ్గాయో రాయడానికి ఏరుడుకో గడి పెట్టింది. అందులో ఒకటి వేసి మళ్లీ పంపితే పచ్చగుర్తు వచ్చింది.

మధ్యాహ్నం మార్కెట్ పెద్ద ఆ గడి మీద వేలు పెట్టాడు. "ఇది శానా బాగుండాది. ఎవరు చెప్పినారు పాపా?"

"మా అమ్మ. తప్పు పట్టింది ఆమెనే."

"ఏమ్మా, కంప్యూటర్ ఎప్పుడు నేర్చినావు?"

"ఈ పొద్దే అప్పా," అన్నాను. "ఏరేది మాత్రం ఇరవై ఏండ్లాయ."

పని దీనికే ఇచ్చారు.