పల్చటి కాగితం మీద చేప

గుత్తి నుంచి అనంతపురం వెళ్లే బస్సులో నా పక్కనున్న పెద్దాయన తువ్వాలలోంచి చేపల బొమ్మల పాతకాలం పుస్తకం తీశాడు. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగిపోయాడు. అక్కడి రంగుల బొమ్మను ఎవరో బ్లేడుతో కోసుకుపోయారు.

"చేప తప్పిచ్చుకోని పోయినట్టుండాది, పెద్దాయనా," అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఇట్లాటి పుస్తకాలు ముప్పై కొన్నా. అంతా ఒక చేప కోసమే అప్పా. బారెడు మీసాలది. చిన్నప్పుడు పెన్నలో మా అన్నా నేనూ చూసినాము. ఎవురూ నమ్మల్యా. అన్న పోయినాడు. చూసినోన్ని ఇంక నేనొక్కన్నే."

బొమ్మ మీద కప్పే పల్చటి కాగితం మాత్రం మిగిలింది. దాన్ని కిటికీ వెలుగుకు పట్టాడు. ఏళ్ల తరబడి బొమ్మకు ఒత్తుకుని ఉండడంతో దాని మీద చేప మరక దిగింది: బారెడు మీసాలు, ఒక కన్ను. కాగితం వెనకాల, కిటికీ బయట, పామిడి వంతెన కింద, పెన్న ఇసుక కదిలిపోతోంది. మరక ఈదుతోంది.

"ఇదేనప్పా!" ఆయన కాగితాన్ని నా వైపు జరిపాడు. "నీకూ కనపడతాండాది కదా?"

"కనపడతాండాది."

"ఎవురన్నా అడిగితే చెప్పు."

ఎవరూ అడగలేదు. నేనే చెబుతుంటాను. మా ఊళ్లో నాకు జోకులోడని పేరు. పెన్నలో బారెడు మీసాల చేపను చూశాననగానే పగలబడి నవ్వుతారు. ఇంకొకసారి చెప్పమంటారు. చెబుతాను.